పదకొండు, ఆరు, ఐదు: ఒక బస్తీ లెక్క (ఫిల్మ్ నగర్ నుంచి – 9)



పదో తరగతి పిల్లలు ఎన్ని పరీక్షలు రాయాలి? ఈ ప్రశ్నకు తెలంగాణ ప్రభుత్వం నాలుగేళ్లలో మూడు జవాబులు ఇచ్చింది. పదకొండు. సున్నా. ఆరు.

2019 దాకా పదకొండు పేపర్లు ఉండేవి. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్, సోషల్‌కు రెండేసి, హిందీకి ఒకటి. 2020 మార్చి 19న మొదలైన పరీక్షలు మూడు పేపర్లు కాగానే కరోనాతో ఆగిపోయాయి. జూన్‌లో పూర్తిగా రద్దయ్యాయి. 5 లక్షల 34 వేల మందికి పైగా పిల్లలను ఇంటర్నల్ మార్కులతోనే పాస్ చేశారు. 2021లో అసలు పెట్టనే లేదు. 2022లో సబ్జెక్టుకు ఒకటి చొప్పున ఆరు పేపర్లు పెట్టారు. ఆ ఏడాదికే అన్నట్టు వచ్చిన ఏర్పాటు 2022–23 నుంచి స్థిరపడిపోయింది. ఇప్పుడు సైన్స్‌లో ఫిజికల్ ఒకరోజు, బయాలజీ ఇంకోరోజు రాయిస్తున్నారు కాబట్టి పిల్లలు ఏడు రోజులు సెంటర్‌కు పోతారు. మార్కుల లెక్కలో మాత్రం ఆరే.

ఆరు చేసినప్పుడు అందరూ సంతోషించారు. ఒత్తిడి తగ్గిందని పేపర్లు రాశాయి, తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను కాబట్టి పదో తరగతి నా పని కాదు. కానీ నేను ఉండేది ఫిల్మ్ నగర్ బస్తీలో. పదో తరగతి మా ఇంటి ముందు నుంచే నడుస్తుంది. మా గల్లీలో టెన్త్ ఫెయిలైన పిల్లలు ఆ తర్వాత ఏమయ్యారో నాకు ఇల్లిల్లూ తెలుసు. అందుకే ఈ లెక్కను బస్తీలో నిలబడి మళ్లీ ఒకసారి వేద్దాం అనుకుంటున్నా.

ముందు ఒక చిన్న విషయం. తగ్గింది పేపర్లే. సబ్జెక్టులు తగ్గలేదు, పుస్తకాలు తగ్గలేదు, పుస్తకాల్లో పేజీలు తగ్గలేదు.

మా పక్కింటి లైట్‌మన్ మామ మొన్న అడిగాడు. "ఇప్పుడు ఆరే పరీక్షలట గద బిడ్డా. మీ కాలం లెక్క పదకొండు లేవాయె. మరి ఈ పోరి గంత బుగులెందుకు పడుతది?" ఆయన బిడ్డ పదో తరగతి. నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయే చెప్పింది. "అప్పుడు రెండు రోజులు రాసేటిది ఇప్పుడు ఒక్క రోజుల రాస్తున్నం నాయినా. గంతే."

ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. నేను 2004లో పది రాశాను. ఒక్కో పేపరు 50 మార్కులకు, హిందీ ఒక్కటే 100కు, మొత్తం 600. రెండు పేపర్ల సబ్జెక్టు పాస్ కావాలంటే అందులో 35 రావాలి. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఆ 35 రెండు పేపర్లూ కలిపి. ఒక పేపర్‌లో దెబ్బతింటే ఇంకో పేపర్‌లో లేచి నిలబడే వీలుండేది. లెక్కల మొదటి పేపర్ ముందురోజు రాత్రి మా నాయిన సెట్ పని నుంచి చెయ్యి విరిగి వచ్చాడు. రాత్రంతా దవాఖాన. తెల్లారి పరీక్షలో నాకు అంకెలు అలికినట్టు కనబడ్డాయి. రెండో పేపర్ నన్ను నిలబెట్టింది. లెక్కలు పాసయ్యాను, ఇంటర్‌కు పోయాను, డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ. నా పేరు ముందు 'డాక్టర్' అని రాసుకుంటున్నానంటే దాని కింద ఆ రెండో పేపర్ కూడా ఒక ఇటుక.

ఇప్పుడు రెండో పేపర్ లేదు. 80 మార్కుల పరీక్ష, మూడు గంటలు, అందులో కనీసం 28. జ్వరం వచ్చినా, నెల ముట్టు నొప్పి అదే రోజు వచ్చినా, ముందురోజు రాత్రి నాయిన తాగొచ్చి అమ్మను కొట్టినా ఆ ఒక్క పొద్దే. తప్పితే జూన్‌లో సప్లిమెంటరీ. 'ఫెయిల్' అనే మాట మాత్రం రెండు నెలలు బస్తీ అంతా తిరుగుతుంది. ఆడపిల్లకైతే ఆ రెండు నెలల్లో సంబంధాలు కూడా తిరగడం మొదలవుతుంది.

అట్లాగని పదకొండు పేపర్ల కాలం బంగారు కాలమని చెప్పను. పదకొండు రోజులు సెంటర్‌కు పోయి రావాలి. బస్సు పైసలు, ఎండ, పొద్దున తినకుండా పోయి మధ్యాహ్నం కళ్లు తిరిగి పడిపోవడం, అన్నీ చూసినవే. పిల్లను సెంటర్‌కు తీసుకుపోవడానికి ఒక తల్లి పదకొండు రోజులు పాచిపని మానేస్తే ఆ ఇళ్లలో వేరే మనిషిని పెట్టుకునేవాళ్లు. పదకొండుకు దాని ఖర్చు దానికి ఉంది. ఆరుకు దాని ఖర్చు దానికి ఉంది. రెండు ఖర్చులూ ఎవరి మూతి మీద పడతాయో చూడమనే నా మాట.

సున్నా పేపర్ల సంగతి కూడా చెప్పాలి. ఆ రెండు బ్యాచ్‌ల పిల్లలు తర్వాత నా డిగ్రీ క్లాసుల్లోకి వచ్చారు. వాళ్లను కొందరు సహోద్యోగులు 'కరోనా పాస్' అని వెక్కిరించేవారు. ఆ వెక్కిరింత ఎక్కడ ఎక్కువ గుచ్చుకుందో మీకు తెలుసు. రిజర్వేషన్ సీటు మీద వచ్చావన్న మాట వినివిని ఉన్న పిల్లలకే. కానీ ఆ బ్యాచ్‌లలో మా బస్తీల నుంచి, తండాల నుంచి, కుటుంబంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లను నేను చూశాను. వాళ్లు చదివారు, రాశారు, పాసయ్యారు. ఒక్క పరీక్ష అడ్డు తీస్తే ఆకాశం విరిగి పడలేదు. అడ్డు పెట్టడమే చదువు అనుకునేవాళ్లకు ఇదొక్కటి గుర్తుచేయాలి.

ఇక రోడ్డు దాటి అవతలికి పోదాం.

ఫిల్మ్ నగర్ అంటే బయటివాళ్లకు రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ చాంబర్, కల్చరల్ సెంటర్, దైవసన్నిధానం గుడి, హీరోల ఇండ్లు. లోపలివాళ్లకు దీన్‌దయాళ్ నగర్, జ్ఞానీ జైల్‌సింగ్ నగర్ లాంటి బస్తీలు. గుట్టల రాళ్ల మధ్య ఒక్కో గదిలో ఐదారుగురు. జూబ్లీహిల్స్ ఇండ్లలో వంటచేసేవాళ్లు, కార్లు తోలేవాళ్లు, సెట్లు వేసేవాళ్లు, లైట్లు మోసేవాళ్లు, ప్రొడక్షన్‌లో టీ అందించేవాళ్లు ఇక్కడి నుంచే పోతారు. సినిమా అంటే 24 క్రాఫ్టులు అంటారు. ఆ క్రాఫ్టుల చెమట మా గల్లీల్లోనే ఆరుతుంది.

అవతలి ఇండ్ల పిల్లలు చదివే ఇంటర్నేషనల్ బడుల్లో ఐబీ డిప్లొమా అని ఒకటుంది. అది మన ఇంటర్ వయసు చదువు. అందులో ఎన్ని సబ్జెక్టులో తెలుసా? ఆరు! అంకె మనదే. కానీ ఆ ఆరింటినీ పిల్లలు ఎంచుకుంటారు. మూడు లోతుగా, మూడు కొంచెం తేలికగా. ఒకదాంట్లో తక్కువొస్తే, కొన్ని హద్దుల్లో, మిగతావి దాన్ని మోస్తాయి. ఆ ఎంపికల పట్టికలో ఒక సబ్జెక్టు పేరు 'ఫిల్మ్'. అవును, సినిమా. దానికి ముందు, మన పదో తరగతికి సరిపోయే కేంబ్రిడ్జి ఐజీసీఎస్‌ఈలోనైతే ఎంచుకోవడానికి 70కి పైగా సబ్జెక్టులున్నాయి. నాటకం ఉంది, చిత్రకళ ఉంది.

ఇప్పుడు మా లైట్‌మన్ మామ ఇల్లు చూడండి. ఏ లైటుకు ఎంత కరెంటు లాగుతుందో, జనరేటర్ మీద ఎన్ని వేయొచ్చో, మొహం మీద వెలుగు మెత్తగా పడాలంటే మధ్యలో ఏం పట్టాలో, లైటు రెండింతల దూరం జరిపితే వెలుగు ఎంత పడిపోతుందో ఆయనకు కంటితోనే తెలుసు. ఆయన బిడ్డ భౌతికశాస్త్రం పుస్తకంలో 'వక్రతలాల వద్ద కాంతి వక్రీభవనం' అనే పాఠం ఉంది. విద్యుత్ మీద ఇంకో పాఠం ఉంది. ఇంట్లో ఉన్న జ్ఞానానికి, పుస్తకంలో ఉన్న జ్ఞానానికి మధ్య ఒక్క వైరు కలిపిన టీచర్ లేడు. సినిమా గురించి ఏమీ తెలియని ఇంటి పిల్లకు సినిమా ఒక పరీక్ష సబ్జెక్టు అవుతుంది. ముప్పై ఏళ్లు సినిమాకు వెలుగు పట్టినోడి బిడ్డకు అది సబ్జెక్టు కాదు, కూలి.

అంత దూరం ఎందుకు, మన దేశంలోనే సీబీఎస్‌ఈ చూడండి. పదిలో ఐదు ప్రధాన సబ్జెక్టులు. ఆరోదిగా ఒక నైపుణ్య సబ్జెక్టు తీసుకుంటే, లెక్కలు, సైన్స్, సోషల్‌లో ఒకటి పోయినా దాని స్థానంలో ఆ ఆరోది లెక్కలోకి వస్తుంది. పిల్ల పాస్. లెక్కల్లో కూడా 2020 పరీక్షల నుంచి 'బేసిక్', 'స్టాండర్డ్' అని రెండు రకాల పేపర్లు పెట్టారు. అంటే పడిపోయే పిల్ల కింద ఒక వల పరిచారు. మన ఎస్సెస్సీలో ఆరూ తప్పనిసరి, ఆరింటిలో ఆరూ దాటాలి. ఎక్కువ ఫీజు కట్టే పిల్లల కింద వల, ప్రభుత్వ బడి పిల్లల కింద బండరాయి.

మరి మన పిల్లలకు 'తక్కువ సబ్జెక్టులు' ఎప్పుడూ ఇవ్వలేదా? ఇచ్చారు. ఎట్లా ఇచ్చారో వినండి.

దసరా సెలవులకు ముందు ఆ లైట్‌మన్ మామ బిడ్డ చదివే ప్రైవేటు బడి నుంచి తల్లికి పిలుపొచ్చింది. ఆమె నన్ను తోడు తీసుకుపోయింది. అక్కడ చెప్పిన మాట ఇది: "పాప లెక్కల్లో వీక్ అమ్మా. ఓపెన్ టెన్త్ కట్టించండి. ఐదు సబ్జెక్టులే, మ్యాథ్స్ తీసుకోనక్కర్లేదు, ఈజీగా గట్టెక్కుతుంది." బయట గేటు మీద పోయినేడాది ఫ్లెక్సీ ఇంకా వేలాడుతోంది. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత. ఆ నూరు శాతం ఎట్లా వస్తుందో ఆ రోజు ఆ తల్లికి అర్థమైంది. తొమ్మిదేళ్లు ఫీజు తీసుకుని, పదో ఏట పిల్లను లెక్కలోంచి తీసేస్తే వస్తుంది.

ఓపెన్ స్కూల్ చెడ్డది అనడం లేదు. బడి మానేసి పనికి పోయిన అన్నలకు, పెళ్లయ్యాక చదువుకునే అక్కలకు అది పెద్ద ఆసరా. ఐదు సబ్జెక్టులు ఎంచుకుని, కొన్ని ఇప్పుడు కొన్ని తర్వాత రాసుకునే వెసులుబాటు అందులో ఉంది. ఆ వెసులుబాటును నేను గౌరవిస్తాను. కానీ పదిహేనేళ్ల పిల్లను రెగ్యులర్ బడిలోంచి అటు తోయడం వేరే సంగతి. ఆ అమ్మాయికి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చేయాలని ఉంది. పాలిసెట్ రాయాలంటే పదిలో లెక్కలు ఒక సబ్జెక్టుగా ఉండాలి. 'ఐదు చాలమ్మా, ఈజీ' అన్న ఆ తీయటి మాట ఆమె ముందున్న ఆ తలుపును మూసేస్తుంది. ఆ సంగతి చెప్పే పని ఎవరూ పెట్టుకోలేదు. తల్లికి తెలియదనే ధైర్యం అది.

ఆ తల్లి ఒక్కటే అన్నది. "సారూ, పిల్ల ఫెయిలైతే నా బిడ్డ ఫెయిలైతది. మీకేంది? రాయనీయుండ్రి." పేరు తీయలేదు. ఆ పిల్ల ఈ మార్చిలో లెక్కల పరీక్ష రాస్తోంది.

సబ్జెక్టు ఎవరు ఎంచుకుంటారన్నది మన చరిత్రలో కొత్త ప్రశ్న కాదు. బాబాసాహెబ్ బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివినప్పుడు సంస్కృతం చదవాలనుకున్నాడు. అంటరాని పిల్లవాడికి ఆ భాష చెప్పబోమన్నారు. పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. 1907లో మెట్రిక్ పాసయ్యాడు. సంస్కృతం తర్వాత సొంతంగా నేర్చుకుని, ఆ శాస్త్రాలనే ముందు పెట్టుకుని వాటితోనే వాదించాడు. ఆయన ఎన్ని సబ్జెక్టులు రాశాడన్నది ఎవరికీ గుర్తులేదు. ఏ సబ్జెక్టు ఆయనకు ఇవ్వలేదన్నది నూరేళ్లు దాటినా మనం మర్చిపోలేదు.

కాలం తమాషా చూడండి. ఇవాళ ఇంటర్‌లో కార్పొరేట్ కాలేజీలు పిల్లల్ని అడగకుండానే సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతంలో పడేస్తున్నాయి. ఎందుకు? మార్కులు బాగా పడతాయని. అప్పుడు కులం చూసి వద్దన్నారు, ఇప్పుడు ర్యాంకు చూసి రుద్దుతున్నారు. రెండుసార్లూ పిల్లను అడిగిన పాపాన పోలేదు. రెండేళ్లు తెలుగు ముఖం చూడని పిల్లలు డిగ్రీలో నా ముందు కూర్చుని ఒక పేజీ సొంతంగా రాయడానికి చెమటలు పడతారు. తెలంగాణ పదో తరగతి తెలుగు వాచకంలో 'భాగ్యోదయం' అని ఒక పాఠం ఉంది. 1910లో హైదరాబాద్‌లో మన పిల్లల కోసం బడులు మొదలుపెట్టిన భాగ్యరెడ్డి వర్మ గురించిన పాఠం. మా బస్తీ పిల్లలు ఆయన పేరు పాఠ్యపుస్తకంలో చూసేది అక్కడే. తెలుగుకు రెండు పేపర్లున్నప్పుడు దానికి కొంత జాగా ఉండేది. ఇప్పుడు మొత్తం తెలుగు ఒక్క పొద్దులో ఒదగాలి కాబట్టి, వచ్చే ప్రశ్నలు ఇవీ అని గుర్తుపెట్టి చదివిస్తున్నారు. పేపరు తగ్గితే భారం తగ్గుతుంది, నిజమే. ఏది తగ్గుతుందో కూడా చూసుకోవాలి కదా.

ఇక్కడ నా మిత్రుల్లో కొందరితో నాకు పేచీ ఉంది. 'మన పిల్లలు లెక్కల్లో, ఇంగ్లీషులో పోతున్నారు కాబట్టి వాటిని ఐచ్ఛికం చేయాలి, చేతిపని సబ్జెక్టులు పెట్టాలి' అని వాళ్లంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ 1953 గుర్తుచేసుకోండి. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రాథమిక విద్యకు కొత్త పథకం తెచ్చాడు. పూట బడి, పూట తల్లిదండ్రుల వృత్తి. ఆ ఏడాది అక్టోబరు 1 దాకా ఆంధ్ర జిల్లాలు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. పెరియార్ దాన్ని కులవిద్య అన్నాడు, వీధుల్లోకి వచ్చాడు. 1954లో రాజాజీ దిగిపోయాడు, కామరాజ్ వచ్చి ఆ పథకాన్ని ఎత్తేశాడు. చెప్పులు కుట్టేవాడి కొడుక్కి చెప్పులే ఒక సబ్జెక్టు అయితే అది ఎంపిక కాదు, పాత ఊరి పొలిమేర. లైట్‌మన్ బిడ్డకు లైటింగ్ ఒక సబ్జెక్టుగా ఉండాలని నేను అంటున్నది లెక్కలు తీసేసి కాదు, లెక్కలతో పాటు. హీరో కొడుకు కూడా అదే బెంచీలో కూర్చుని అదే సబ్జెక్టు చదవాలని అంటున్నా.

కాబట్టి ఎన్ని అని నన్ను అడిగితే నేను చెప్పేది ఇది. పది దాకా అందరికీ ఒకే పునాది ఉండాలి. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్, సోషల్. అందులోంచి మన పిల్లల్ని తప్పించే ఏ దయా మనకొద్దు. దాని పైన పిల్ల తానే ఎంచుకునే ఒక సబ్జెక్టు ఉండాలి. హిందీ కావచ్చు, ఉర్దూ కావచ్చు, సంగీతం, ఫొటోగ్రఫీ, విద్యుత్ పని ఏదైనా కావచ్చు. ఒక సబ్జెక్టులో తగ్గితే ఆ ఎంచుకున్నది దాన్ని మోయాలి. సీబీఎస్‌ఈ పిల్లలకు న్యాయమైనది ఎస్సెస్సీ పిల్లలకు ఎందుకు కాదు? ప్రతి సబ్జెక్టుకూ మళ్లీ రెండు అవకాశాలు కావాలి. పదకొండు పేపర్లు తిరిగి తెమ్మని కాదు. ఒకే సబ్జెక్టు రెండుసార్లు రాసి, మంచి మార్కు ఉంచుకునే వీలు ఇవ్వమని. ఇంకొకటి, బడి తన శాతం కోసం ఏ పిల్లనూ రెగ్యులర్ నుంచి తప్పించకుండా, తొమ్మిదిలో చేరినవాళ్లు ఎందరు, పది రాసినవాళ్లు ఎందరు అనే లెక్కను ఫలితాలతో పాటే ఫ్లెక్సీ మీద రాయించాలి. 2025లో రాష్ట్రంలో 92.78 శాతం పాసయ్యారని చెప్పుకున్నాం. బాగుంది. ఆ శాతం కింద ఉన్న మొత్తంలోకే రాకుండా పోయిన పిల్లలను ఎవరు లెక్కపెడతారు?

ఒత్తిడి గురించి ఒక మాట. ఈ ఏడాది పరీక్షలు మార్చి 14న మొదలై, టైంటేబుల్ ప్రకారం ఏప్రిల్ 16 దాకా సాగుతాయి. పేపరుకు పేపరుకు మధ్య నాలుగైదు రోజుల వ్యవధి ఇచ్చారు, ఒత్తిడి ఉండొద్దని. ఆలోచన మంచిదే. సొంత గది, ట్యూషన్ సారు, ఏసీ ఉన్న పిల్లకు ఆ ఐదు రోజులు వరం. ఒక్క గదిలో టీవీ, చంటిపిల్ల, రాత్రి కాల్షీట్ చేసి పగలు నిద్రపోయే తండ్రి ఉన్న పిల్లకు ఆ ఐదు రోజులు అంటే నీళ్లు పట్టడం, వంట, తమ్ముణ్ణి ఎత్తుకోవడం. 'సెలవే కదా, ఆ రెండిండ్ల పని నువ్వు చేసిరా' అనడం. వ్యవధి ఇచ్చిన ప్రభుత్వం ఆ వ్యవధిలో కూర్చోవడానికి ఒక బల్ల ఇవ్వలేదు.

ఆ బల్ల మనం వేయగలం. ఓయూలో, హెచ్‌సీయూలో చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చదువుతున్నారని తెలుసు. మీలో చాలామంది ఇట్లాంటి గదుల్లోంచే వచ్చారు. మార్చి 14 నుంచి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మా బస్తీ కమ్యూనిటీ హాలు తెరిచి ఉంచుతున్నాం. బల్బులు లైట్‌మన్ మామలు పెడతారు, చాయ్ ప్రొడక్షన్ అన్నలు చూసుకుంటారు. మాకు తక్కువైంది లెక్కలు, ఫిజిక్స్ చెప్పేవాళ్లు. తెలుగు నేను చూసుకుంటా. వారానికి ఒక్క సాయంత్రం ఇవ్వగలిగినవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి. ఏ రోజు వస్తారో, ఏ సబ్జెక్టు చెప్తారో రాయండి, చాలు.

వచ్చే భాగంలో ఇంటర్నల్ మార్కుల సంగతి. 2024 నవంబరులో ఆ 20 మార్కులు ఎత్తేస్తామని ఉత్తర్వు ఇచ్చి, వెంటనే ఆ ఏడాదికి ఎందుకు ఆపారో, ఆ 20 ఏ బడిలో ఎట్లా పడతాయో మాట్లాడుకుందాం.

జై భీమ్.